అయిపోయినవాటి పెట్టె

మైకు టీచరు గొంతు పనికిరాని గది ఒకటి ఈ లోకంలో ఉంటుందని ఆవిడకి నలభై ఏడేళ్ళు నిండేదాకా ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతోంది. ఆవిడ ఎక్కాలు మొదలుపెడితే పక్క గదిలో సైన్సు చదివే పిల్లలు కూడా తెలియకుండానే పద్నాలుగో ఎక్కం అప్పజెప్పేవాళ్ళు. ఆ పేరు పెట్టింది పిల్లలే. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ మట్టుకు నోరు పెద్దదైతే చాలనుకునేది.

సెలవులయ్యాక వాళ్ళ బడికి ఒక కొత్త పిల్ల రాబోతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళకి వెలుతురూ చీకటీ తేడా తెలుస్తుందంతే, చెవులకి అదీ లేదు. అలాంటి పిల్లని చేర్చుకోవాలంటే బడిలో ఒక్క టీచరైనా ఆరు రోజుల శిక్షణకి వెళ్ళి రావాలట. హెడ్మాస్టరు స్టాఫ్ రూములో చుట్టూ చూశాడు. అందరూ ఒక్కసారిగా పేపర్లు దిద్దడంలో మునిగిపోయారు. ఆ క్షణాన మైకు టీచరు సీసా ఎత్తి నీళ్ళు తాగుతోంది. తలెత్తి ఉన్నది ఆవిడొక్కతే.

అలా సోమవారం పొద్దున్నే శిక్షణ కేంద్రంలో చాప మీద కాళ్ళు ముడుచుకుని కూచుంది. పక్కన ఇంకో ఆరుగురు టీచర్లు. ఎదురుగా శిక్షణ ఇచ్చే మేడమ్, బక్కపలచటి మనిషి, మాటకంటే చేతులే ముందు కదులుతాయి.

“పిల్ల చెయ్యి పట్టుకుని లాగకండి. ఆ చేతులే వాళ్ళకి కళ్ళూ చెవులూ. మీ కళ్ళు ఎవరైనా పట్టుకుని లాగితే ఊరుకుంటారా? మీ చెయ్యి కింద, వాళ్ళ చెయ్యి పైన. నచ్చకపోతే తీసేసుకునే వీలుండాలి.”

గోడవారగా పొట్టి చెక్క అలమర ఉంది. పై వరసలో అయిదు అరలు. ఒక అరలో చెంచా, ఒకదాంట్లో తువ్వాలు, ఒకదాంట్లో జానెడు తాడుముక్క. చెంచా తగిలితే తిండి, తువ్వాలు తగిలితే స్నానం, తాడు తగిలితే ఉయ్యాల. పని అయిపోగానే ఆ వస్తువు తీసుకెళ్ళి కుడివైపు చివరనున్న మూతపెట్టెలో వెయ్యాలి. అది అయిపోయినవాటి పెట్టె. కింది వరసలో ఒకే ఒక్క అర ఉంది, ఖాళీగా.

“అదెందుకు మేడమ్?” అంది మైకు టీచరు.

“అది రాబోయేవాటికి. రేపో, వచ్చే వారమో జరిగేదాన్ని అందులో పెడతాం. ఒకటి గుర్తుంచుకోండి. అందులో ఏదైనా పెట్టారంటే అది జరిగి తీరాలి. ఒక్కసారి జరక్కపోయినా ఆ పిల్ల ఇక జన్మలో ఆ అరని నమ్మదు.”

తర్వాత ఆయమ్మ ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చింది. పైన ‘శిక్షణ సామగ్రి’ అని కాగితం అంటించి ఉంది. లోపల రబ్బరు కడియాలు, గుడ్డ పట్టీలు, చెక్కపూసల బ్రాస్‌లెట్ ఒకటి. తలా ఒకటి తీసుకోమంది మేడమ్. రోజూ అదే కట్టుకోవాలి, పిల్ల తాకి ఫలానా మనిషి అని తెలుసుకుంటుంది, అదే మీ పేరు అంది. మైకు టీచరు పూసలు తీసుకుంది. బాగున్నాయి, నున్నగా అరిగి ఉన్నాయి.

పదింటికి పిల్లలొచ్చారు. మైకు టీచరుకిచ్చింది వాళ్ళ బడికి రాబోయే పిల్లనే. వేలి కొసలతో టకటకా తడిమి చూస్తుందని వాళ్ళమ్మ పిచ్చుక అని పిలుస్తుంది, కేంద్రంలోనూ ఆ పేరే స్థిరపడింది. నీలం గౌను, పొట్టిగా కత్తిరించిన జుట్టు.

మైకు టీచరు చెప్పినట్టే చెయ్యి చాపి కూచుంది. పిచ్చుక వేళ్ళు పొడుచుకుంటూ వచ్చి పూసల్ని తాకాయి. ఆగాయి. ఉన్నట్టుండి ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. గొంతులోంచి పావురం లాంటి చప్పుడొకటి చేస్తూ ఆ వేళ్ళు ముంజేతి మీదుగా మోచేతికి, భుజానికి, మెడ వెనక్కి పరుగెత్తాయి. ‘అబ్బో, మొదటి రోజే ఇంత ప్రేమా’ అని మైకు టీచరు పొంగిపోయి మిగతా ఆరుగురి వంకా గర్వంగా చూసింది. వేళ్ళు ఆవిడ జుట్టుముడి దాకా వెళ్ళాయి. అక్కడ ఆగిపోయాయి. ముడి చుట్టూ ఒకసారి తడిమాయి. పలక తుడిచినట్టు ఆ ముఖంలో ఉన్నదంతా పోయింది. పిల్ల ఆవిడ చేతిని కిందికి లాక్కుని, పూసల్ని వేళ్ళ మీదుగా ఊడదీసి, నాలుగడుగులు వేసి అయిపోయినవాటి పెట్టెలో పడేసి, మూతపెట్టి, ఆ మూత మీద ఎక్కి కూచుంది.

టీచర్లందరూ నవ్వారు. మైకు టీచరూ నవ్వింది, చెయ్యి మీద గోటిగీతలు మండుతున్నా.

మేడమ్ మాత్రం కాగితం మీద రాసుకుంది. ‘మొదట ఆసక్తి. తర్వాత తిరస్కారం.’

మర్నాడూ అంతే. ముఖం విచ్చుకోవడం మాత్రం నిన్నటంత లేదు. వేళ్ళు అనుమానంగా పైకి పాకి, ముడి దగ్గర ఆగి, పూసల్ని పెట్టెలో పారేశాయి. మైకు టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది. కోపమైతే మొదటే రావాలి కదా. నచ్చినట్టు నచ్చి, అంతలో ఏం పాపం చేసిందని? తన ఒంటి వాసనా? చేతుల గరుకా? తరగతిలో పిల్లాడు తప్పు చేస్తే ఏ మెట్టు దగ్గర జారాడో ఆవిడ ఇట్టే పట్టేస్తుంది. ఇక్కడ మెట్లే కనబడటం లేదు.

ఒంటిగంటకి పిచ్చుకని తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ వచ్చింది. కుట్టుపని చేస్తుంది కాబోలు, కొంగు అంచుకి రెండు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

“మీ బడికేనంట కదా టీచర్‌గారూ మా పిచ్చుక?” అంది. అడిగి, చెప్పులు వేసుకునే నెపంతో వంగింది, జవాబు ముఖం మీద పడకుండా.

“చూద్దామమ్మా. ఇంకా నాలుగు రోజులుంది.”

“రెండు బళ్ళవాళ్ళు కాదన్నారు. కొత్తవాళ్ళని దగ్గరికి రానివ్వదని కాగితంలో ఉందంట. ఇంట్లో అలా ఉండదండీ. మా పక్కింటామెని చెయ్యిపట్టుకుని తీసుకొస్తుంది.”

మైకు టీచరు సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఎందుకంటే అరగంట కిందటే హెడ్మాస్టరు ఫోన్ చేశాడు.

“ఎలా ఉందమ్మా అక్కడ? చివర్లో ఒక కాగితం ఇస్తారు చూడండి, కొత్త మనిషిని ఒప్పుకుంటుందా అని. అవునంటే మనం చేర్చుకోవాల్సిందే. లేదని రాశారనుకోండి, అది కేంద్రంవాళ్ళ తలనొప్పి. అసలే మీ తరగతిలో అరవై రెండు మంది.”

“ఉన్నది రాస్తానండీ” అంది ఆవిడ.

“ఉన్నదే రాయండి. ఉన్నది అదే కదా?”

ఫోన్ పెట్టేశాక తనకి కలిగింది ఊరటేనని ఆవిడకి బాగా తెలుసు. అబద్ధం ఆడక్కర్లేదు. పిల్ల నిజంగానే తోసేస్తోంది. తోసేసినంత కాలం తను మళ్ళీ తన గదికి, తన ఎక్కాలకి వెళ్ళిపోవచ్చు. ఆ ఊరట చూసుకుని ఆవిడకే సిగ్గేసింది. సిగ్గేసినా ఊరట పోలేదు.

ఇంటికెళ్ళే బస్సులో మాత్రం లెక్కల బుర్ర ఊరుకోలేదు. రెండు రోజులూ ఆ వేళ్ళు ఆగింది ముడి దగ్గరే. అంటే ఆ పిల్లకి నచ్చనిది ముడి. లెక్క తేలనప్పుడు ఒకసారికి ఒక్క అంకె మార్చి చూడాలి, అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఇది ఆవిడ ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న పాఠం.

బుధవారం జడ వేసుకుని వచ్చింది.

“ఏంటి టీచర్‌గారూ, మళ్ళీ కాలేజీలో చేరారా?” అని పక్కావిడ ఆటపట్టించింది.

“పదేళ్ళు తగ్గానా లేదా, ఆ మాట చెప్పు” అని మైకు టీచరు చాప మీద కూచుంది. ఆయమ్మ కప్పులు తీసుకెళ్తూ జడ వంక అదోలా చూసింది.

పిచ్చుక ఇవాళ పూసల్ని తాకి ముఖం తిప్పుకుంది. అయినా వేళ్ళు అలవాటుగా భుజం దాకా వచ్చాయి. మెడ వెనక జడ తగిలింది.

ఆ పిల్ల మొత్తం బిగుసుకుపోయింది. తర్వాత రెండు చేతులతోనూ జడ పట్టుకుంది. కొస దాకా జార్చి, మళ్ళీ పైకొచ్చి, కొసని ముక్కు దగ్గర పెట్టుకుని, బుగ్గకి రాసుకుని పెద్దగా నవ్వింది. తన నవ్వు తనకి వినబడని మనిషి నవ్వే నవ్వు అది, అదుపు లేకుండా, గది నిండా. మైకు టీచరు కళ్ళు చెమర్చాయి. లెక్క తేలింది!

పిచ్చుక చేతులు జడ వదిలి ముందుకొచ్చాయి. చెవులు తడిమాయి. చెంపలు తడిమాయి. కళ్ళజోడు తగిలింది. వేళ్ళు ఆ కళ్ళజోడు చుట్టూ ఒకసారి తిరిగాయి, నమ్మలేక మళ్ళీ తిరిగాయి.

ఈసారి పూసల్ని పెట్టెలో వెయ్యలేదు. పిల్ల చాప మీద కూలబడి పిడికిలితో తన నుదుటి మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మైకు టీచరు అన్నీ మరిచిపోయి, “వద్దమ్మా! వద్దు!” అని అరిచింది. ఆ కేకకి కిటికీ అద్దం అదిరింది. అదరనిది ఆ పిల్ల ఒక్కతే. ఆయమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి పిల్లని వెనకనుంచి ఒళ్ళోకి లాక్కుని, పిడికిలికీ నుదుటికీ మధ్య తన అరచెయ్యి అడ్డుపెట్టింది. దెబ్బలన్నీ ఆ అరచేతిలో పడ్డాయి.

“అయ్యో, జడెందుకేసుకున్నారమ్మా!” అంది ఆయమ్మ.

“జడకేమైంది?”

“ఏం లేదులెండి.”

పిల్లని ఇంటికి పంపేశారు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక మైకు టీచరు గదిలో ఒక్కతే కూచుని పూసలు ఊడదీసి చూసింది. ఏం చూడాలో తెలియక ఊరికే లెక్కపెట్టింది. పదిహేడు. దారం ముడి నుంచి నాలుగో పూస చిట్లి ఉంది, దాని మీద రెండు చిన్న పంటిగాట్లు. పాలపళ్ళవి.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు రోజులూ పిచ్చుక పూసల్ని వరసగా తడమలేదు. తిన్నగా ఈ పూస దగ్గరికే వచ్చి బొటనవేలి గోరు ఈ చీలికలో పెట్టింది. సోమవారం కూడా. మొదటిసారి కూడా. ఎన్నడూ చదవని ఎక్కం ఎవరూ గడగడా అప్పజెప్పలేరు.

ఆవిడ లేచి నీళ్ళ గదిలోకి వెళ్ళింది. ఆయమ్మ కప్పులు కడుగుతోంది.

“ఈ పూసలు ఎవరివి ఆయమ్మా?”

ఆయమ్మ కుళాయి కట్టేసింది. “జడ టీచరమ్మవి. మేమంతా అలాగే అనేవాళ్ళం, ఇంత పొడుగు జడ. రెండేళ్ళు పిచ్చుకతోనే ఉంది. ఆ జడ పట్టుకునే పిల్ల భయం లేకుండా నడవడం నేర్చింది. పోయినేడు ఎక్కడో మంచి ఉద్యోగం వచ్చింది. పిల్ల ఏడుస్తుందని చెప్పకుండా శనివారం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు చెప్పడం ఎలాగో ఇక్కడి పిల్లలందరికీ నేర్పిందీ ఆమే, చూడండి విచిత్రం. పూసలు ఆ డబ్బాలో పడేసి వెళ్ళింది. పిల్ల నెల రోజులు ఈ గోడలన్నీ వెతికింది.”

“తర్వాత?”

“తర్వాతేముంది, బ్యాచ్ వచ్చినప్పుడల్లా డబ్బా తీస్తారు. ఎవరో ఒకరు అవి కట్టుకుంటారు. మీరు అయిదోవారు.”

“నువ్వెవరికీ చెప్పలేదా?”

“నన్నెవరడిగారమ్మా? కప్పులు ఎన్ని పగిలాయని తప్ప” అని ఆయమ్మ కుళాయి తిప్పింది.

మైకు టీచరు పూసలు తీసుకెళ్ళి మేడమ్ బల్ల మీద పెట్టింది. “ఇది ఎవరి పేరు మేడమ్?” అంది మెల్లిగా.

మేడమ్ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత చిట్లిన పూస చూసింది. అప్పుడు సొరుగు లాగి తన పాఠాల పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచింది. గుండ్రటి దస్తూరీలో ఉంది, ఒకరి గుర్తు ఇంకొకరికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరాదని. పక్కనే పిచ్చుక ఫైలు. నాలుగు బ్యాచ్‌లు, నాలుగు కాగితాలు, నాలుగింటిలోనూ ‘లేదు’. నాలుగింటి కిందా మేడమ్ సంతకమే.

“ముప్పై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను” అంది మేడమ్. “డబ్బా మీద రాసింది చదివాను. లోపల ఏమున్నాయో చూడలేదు. పోయిందనుకున్న మనిషి తలుపు తట్టినట్టు... ప్రతిసారీ ఇంకెవరో...” ఆవిడ చేతులు మాట వెతుక్కున్నాయి గానీ దొరకలేదు. దీపం కింద చీకటంటే ఇదే. మైకు టీచరుకి ఆవిడ మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ పొద్దున జడ వేసుకొచ్చింది ఎవరు? కోపం ఎటు తిప్పినా తిరిగి తన దగ్గరికే వస్తోంది.

“రేపు నేనేం కట్టుకోవాలి?”

“ఏమీ వద్దు. ఉత్త చేతులతో రండి.”

“మరి నేనెవరో దానికెలా తెలుస్తుంది?”

“నాకూ తెలియదు. అదే చెప్పాలి” అంది మేడమ్.

గురువారం పూసల్ని చాప మధ్యలో విడిగా పెట్టారు. పిచ్చుక వాటిని తడిమి చూసుకుంది. పెట్టెలో వెయ్యలేదు. చిట్లిన పూసని నోట్లో పెట్టుకుని కాసేపు ఉంచుకుంది, తీసి గౌను జేబులో వేసుకుంది. జేబు మీద చెయ్యి పెట్టి అటువైపు తిరిగి కూచుంది.

మైకు టీచరు పిల్లకి జానెడు దూరంలో అరచెయ్యి తెరిచి చాప మీద పెట్టింది. వేచి ఉండండి, అదే పని అంది మేడమ్. ఇరవై రెండేళ్ళలో ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం పది లెక్కపెట్టేంత సేపు ఆగిన మనిషి కాదు ఆవిడ. మనసులో ఎక్కాలు మొదలుపెట్టింది. పన్నెండోది అయింది. పదిహేనోది అయింది. నడుము లాగింది. ఇలా కూచోడం కూడా పాఠమేనా? దీన్ని హెడ్మాస్టరుకి ఏమని చెప్పాలి? పందొమ్మిదో ఎక్కం సగంలో ఉండగా ఒక వేలు వచ్చి ఆవిడ అరచేతిని పొడిచి వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చింది. మణికట్టు చూసింది, అక్కడేమీ లేదు. రెండో మణికట్టు చూసింది. అక్కడా లేదు. పిల్ల నుదురు ముడిపడింది. ఈ మనిషికి పేరే లేదు! తిరిగి మొదటి చేతికే వచ్చి ఒక్కొక్క వేలూ పట్టుకుని చూడటం మొదలుపెట్టింది. బొటనవేలు, చూపుడువేలు, సుద్దముక్క ఒరిపిడికి కాయ కాసిన నడిమివేలు, ఉంగరపు వేలు. చిటికెనవేలు దగ్గర ఆగింది.

మైకు టీచరు కుడిచేతి చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడి విరిగి, రెండో కణుపు దగ్గర కొక్కెంలా వంగి అతుక్కుంది. బోర్డు మీద రాస్తుంటే అది విడిగా నిలబడుతుంది, పిల్లలు వెనకనుంచి నవ్వుకుంటారు. పిచ్చుక ఆ వేలుని సరిచెయ్యబోయింది. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని లాగింది.

“అది అంతేనే తల్లీ, మా అమ్మ కూడా లాగి లాగి వదిలేసింది” అంది మైకు టీచరు, ఎవరికీ వినబడనంత మెల్లిగా.

పిల్ల తన చిటికెనవేలు తీసి, అలాగే కొక్కెంలా వంచి, పక్కన పెట్టి పోల్చి చూసుకుంది. తర్వాత తన వేలుని ఆ వంకరలో తగిలించి అలాగే ఉండిపోయింది. అవతల మేడమ్ పెన్ను పట్టుకునే ఉంది గానీ ఏమీ రాయలేదు.

శుక్రవారం ఏడుగురు టీచర్లు వరసగా కూచున్నారు. పిచ్చుక వరసలో మొదటి చెయ్యి పట్టుకుంది, చిటికెనవేలు చూసింది, వదిలేసింది. రెండోదీ వదిలేసింది. అయిదో చెయ్యి మైకు టీచరుది. వంకర తగలగానే ఆ వేలు పట్టుకుని లేపి, తాడుముక్క ఉన్న అర దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ రోజు ఉయ్యాల మూడుసార్లు ఊగారు. మైకు టీచరుకి కళ్ళు తిరిగాయి గానీ చెప్పలేదు, చెప్పినా వినేవాళ్ళెవరని.

శనివారం చివరి రోజు. పన్నెండున్నరకి మేడమ్ కాగితాలు పంచింది. ‘కొత్త మనిషిని ఒప్పుకుంటుందా?’ పక్కన రెండు గళ్ళు. పిచ్చుక వాళ్ళమ్మ ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, లోపలికి రమ్మన్నా రాకుండా.

మైకు టీచరు కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీసింది. ఉన్నది రాస్తానంది కదా. ఉన్నది ‘అవును’. రాస్తే సెలవులయ్యాక ఈ పిల్ల తన గదిలో ఉంటుంది, అరవై రెండు మంది మధ్య. తను బోర్డు దగ్గర అరుస్తూ ఉంటే ఈ పిల్ల అరచెయ్యి తెరిచి ఎంతసేపు కూచోవాలి? అప్పుడు ఎవరు పందొమ్మిదో ఎక్కం దాకా ఆగుతారు? చేర్చుకుని పట్టించుకోకపోవడం కంటే చేర్చుకోకపోవడమే నయమేమో. ఇది దయో, తప్పించుకోవడమో ఆవిడకి ఎంతకీ తేలలేదు. పెన్ను గళ్ళ మీద ఊగుతూనే ఉంది.

అప్పుడే చిటికెనవేలు ఎవరో లాగారు. పెన్ను జారి కింద పడింది.

పిచ్చుక ఆవిడని లేపి అలమర దగ్గరికి నడిపించింది. ఉయ్యాల కోసమనుకుంది మైకు టీచరు. పిల్ల తాడు అర దాటేసింది. తువ్వాలు దాటేసింది. చివరనున్న పెట్టె మూత తీసింది. పిల్ల ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. గిన్నెలు సర్దుకునే పెద్దమనిషిలా ఉంది. శనివారమని ఎలా తెలిసిందో, అందరి చేతులూ సంచులు సర్దుకుంటున్నాయని తెలిసిందో మరి. మైకు టీచరు చేతిని జాగ్రత్తగా ఎత్తి అయిపోయినవాటి పెట్టెలో పెట్టింది. పెట్టి, మూత దించబోయింది.

మైకు టీచరుకి ఏడుపు తన్నుకొచ్చింది. పెట్టెలో చెంచా చల్లగా తగులుతోంది. ఈ పిల్లకి ఎవరూ చెప్పి వెళ్ళలేదు కాబట్టి ఈసారి తనే చెప్పేస్తోంది.

ఆవిడ చేతిని పెట్టెలోంచి తీసింది. పిల్ల చేతి కిందికి తన చెయ్యి పోనిచ్చి, ఆ చెయ్యి తన మీదే ఉండేలా, మెల్లిగా కింది వరసకి తీసుకెళ్ళింది. అక్కడ ఖాళీ అరలో తన చెయ్యి పెట్టింది. పిచ్చుక కదల్లేదు. తర్వాత ఆ చేతిని పట్టుకుని మళ్ళీ పైకి, పెట్టెలోకి తీసుకెళ్ళింది. మైకు టీచరు మళ్ళీ కిందికి తెచ్చింది. పిల్ల ఇంకోసారి పెట్టెకి తీసుకెళ్ళింది. ఆవిడ ఇంకోసారి కిందికి తెచ్చింది. మేడమ్ లేచి నిలబడింది, ఆ అర సంగతి తెలిసిన మనిషి కాబట్టి.

ఈసారి పిచ్చుక చెయ్యి పైకి లాగలేదు. అర నాలుగు గోడలూ తడిమింది. వంకర వేలు ఉందో లేదో చూసుకుంది. తర్వాత తన చెయ్యి కూడా ఆ అరలో పెట్టింది.

గుమ్మం దగ్గర నుంచి వాళ్ళమ్మ లోపలికి వచ్చేసింది. “ఏమంటోంది టీచర్‌గారూ?”

“వస్తావా రావా తేల్చి చెప్పమంటోంది” అంది మైకు టీచరు.

“మరి మీరేమన్నారు?”

చాప మీద కాగితం అలాగే పడి ఉంది. సంచిలో ఫోన్ మోగుతోంది, హెడ్మాస్టరే అయి ఉంటాడు. మైకు టీచరు మోకాళ్ళ మీద కూచుంది, కుడిచెయ్యి అరలోంచి తియ్యకుండానే.

“మేడమ్, ‘అవును’ దగ్గర మీరే టిక్కు పెట్టండి” అంది. “సంతకం కాస్త ఆగి చేస్తాను. చెయ్యి ఖాళీ లేదు.”